కంపెనీ శబ్ద చరిత్రము

మన భాషలోనికి వచ్చి, మన యింటి మాటలతో గలసిపోయి, తాము పరదేశమునుండి వచ్చినవన్న సంగతినే మరపించిన యాంగ్ల పదములు పెక్కు గలవు. వానిలో 'కంపెనీ' యొకటి. పల్లె విడిచి పట్టణమునకు బోయిన యువకుడు తనకు కంపెనీలో పని దొరకినదని తల్లికి జెప్పును. ఆమె మనస్సున కంపెనీ యనగా నొక ప్రహరీగోడ, ఒక పొగగొట్టము, వేళకు వినవచ్చు కూత. అతని తాత తాను బాల్యమున రాత్రులు మేలుకొని చూచిన నాటక కంపెనీని దలచుకొనును. అతని మేనమామ వాటాలు కొనువాడు. ఆయనకు కంపెనీ యనగా నేటేట లాభము తెచ్చు నొక పేరు. అతని స్నేహితుడు సాయంకాలము షికారునకు బోవుచు, కొంతదూరము కంపెనీ యిమ్మని యడుగును. చరిత్రము చదివినవారికో, ఆ మాట చెవిని బడగానే మచిలీపట్టణపు రేవును, ఓడలును, సిపాయిలును, శిస్తు వసూళ్ళును జ్ఞప్తికి వచ్చును.

కర్మాగారము, నాటక సమాజము, వాటాల వ్యాపారము, స్నేహితుని తోడు, ఒక ప్రభుత్వము: ఇన్ని యర్థములు ఒక్క మాటలో నెట్లు చేరినవి? శబ్దచరిత్రము పండితుల కాలక్షేపమని తలచువారు కలరు. మాకట్లు తోచదు. ఒక మాట యర్థము మారినదన్నచో, ఆ మాట నుపయోగించు జనుల నడవడి యంతకు ముందే మారియుండును. నాణెము చేతులు మారినకొలది నరుగును. అది యే వైపున నరిగినదో చూచినచో, ఎట్టి చేతులలో దిరిగినదో యూహింపవచ్చును. 'కంపెనీ' యను నాణె మే వైపున నరిగినదో పాఠకులకు జూపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ మాట పుట్టుక వర్తకపు కోఠిలో లేదు, భోజనమువద్ద నున్నది. లాటిను భాషలో 'కోమ్' అనగా కూడ. 'పానిస్' అనగా రొట్టె. ఈ రెండును జేరి, కూడి రొట్టె తినువాడను నర్థమున 'కంపానియో' యను పదమేర్పడినది. రోమక సామ్రాజ్యము ఉచ్ఛ్రాయ దశలో నున్నప్పటి గ్రంథకర్తల రచనలలో నీ పదము కానరాదు. సామ్రాజ్యము సడలి, జర్మను తెగలవారు దాని సేనలలోను సీమలలోను నిండిన పిమ్మటనే యిది పైకి వచ్చినది. ఫ్రాంకుల ధర్మశాస్త్రమగు సాలిక్ స్మృతిలో దీని తోబుట్టువైన మాట యొకటి గలదు. గోతు భాషలో 'గహ్లైబ' యను పదము గలదు. అందును 'గ' యనగా కూడ, 'హ్లైఫ్స్' అనగా రొట్టె. అట్టి జర్మను మాటయే లాటినులోనికి భాషాంతరీకరింపబడి కంపానియో యైనదని శబ్దశాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఒక్క నెగడిచుట్టు గూర్చుండి, ఒక్క రొట్టెను విరిచికొని తినువారు కంపానియోలు. అట్లు తిన్నవాడు మరునాడు కష్టము వచ్చినపుడు తోడివాని ప్రక్కను నిలువవలెను. తినుటలో నెట్లో, ఓర్చుటలో నట్లే పాలు గలదనుట యీ మాట మోసికొని వచ్చిన తొలి ధర్మము. ఫ్రెంచి భాషలో నది రూపము మార్చుకొని, 13వ శతాబ్ది ప్రాంతమున నాంగ్లమున బ్రవేశించెను.

ఈ భావము తెలుగువారికి గ్రొత్తది కాదు. మన 'పొత్తు' నిట్టిదే. ఒక పొత్తున గుడుచుట యనగా గూడి భుజించుట. పొత్తున వ్యాపారము చేయుట యనగా లాభనష్టములు పంచుకొని వర్తకము సాగించుట. ఇద్దరికి స్నేహము కుదిరినను పొత్తు కుదిరినదనియే యందుము. పరస్పర సంబంధము లేని రెండు భాషలలో, అన్నమును, స్నేహమును, భాగస్వామ్యమును ఒక్క మాటలో నిమిడియుండుట గమనింపదగినది. మన ధర్మశాస్త్రకారులును పొత్తు వర్తకమును మరువలేదు. పదునెనిమిది వ్యవహారపదములలో 'సంభూయ సముత్థానము' ఒకటి. పలువురు కూడి పెట్టుబడి పెట్టి చేయు పనిలో, వ్యయమును, లాభమును, నష్టమును ఎవరి పాలునుబట్టి వారికి జెందవలెనని దాని సారము.

అయితే మన పొత్తునకు గులము గోడయై యడ్డమయ్యెను. అంగడిలో లెక్కలు కలిసినవారు విస్తరివద్ద విడిపోయిరి. సంస్కర్తలు సహపంక్తి భోజనములు నడపినపుడు, ఒక పూట భోజనమున కింత రభస యేలయని పరిహసించినవారుండిరి. శబ్దచరిత్రమెరిగినవారు పరిహసింపజాలరు. కూడి కుడువరాదని కొందరిని దూరముంచిన సంఘము, వారి కష్టమున దనకు బాలు లేదనియు ముందుగనే నిర్ణయించుకొన్నది. పంక్తి యెంతవరకు సాగునో బాధ్యతయు నంతవరకే సాగును. ఈ సూత్రమును పాఠకులు జ్ఞాపకముంచుకొనిన, ముందు చెప్పబోవు చరిత్ర మంతయు సుబోధమగును.

ఆంగ్లేయుల నిత్య వ్యవహారమున నీ పదమునకు దొలి యర్థము లిప్పటికిని నిలిచియున్నవి. ఇంటికి నతిథులు వచ్చిన, కంపెనీ వచ్చినదందురు. ఒంటరివానికి దోడు కంపెనీ. ఒకని గుణము వాని సహవాసముచేత దెలియునని చెప్పుటకును నీ పదమునే వాడుదురు. ఓడలో కెప్టెను మొదలు వంటవానివరకు గల నావికులందరును ఆ యోడ కంపెనీ. ఒక కెప్టెను లేక మేజరు నాయకత్వమున నుండు నూరు మొదలు రెండువందలవరకు గల సైనికుల జట్టు కంపెనీ. వీనిలో నెల్ల నొక సామ్యము గలదు. ఓడ మునిగిన నందరును మునుగుదురు. జట్టు చిక్కిన నందరును జిక్కుదురు. ఒకరి ముఖ మొకరెరుగుదురు. ముఖ మెరుగని కంపెనీ యీ యర్థములలో నెందును లేదు.

వర్తకులు తమ జట్టునకీ పేరు పెట్టుకొన్నపుడును మొదట నిట్లే యుండెను. 13, 14 శతాబ్దులలో ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున తండ్రులు, కొడుకులు, అన్నదమ్ములు, దగ్గరి స్నేహితులు కూడి సొమ్ము చేర్చి 'కంపాన్యా'లను నడపిరి. పెట్టిన సొమ్మునుబట్టి పాళ్ళు. అప్పు పడినచో పెట్టిన సొమ్ముతోనే తీరదు. భాగస్వామి యిల్లును, పొలమును, తుదకు సర్వస్వమును పూచీ. బార్డి, పెరుజ్జి కుటుంబముల కంపెనీలు యూరపు ఖండమంతట శాఖలు స్థాపించి, ఇంగ్లండు రాజగు మూడవ ఎడ్వర్డునకును భారీగా నప్పులిచ్చెను. ఆ యప్పులు తీరకపోవుటయు, ఇతర కష్టములును దోడై, 1340 తరువాతి సంవత్సరములలో నా రెండును గూలిపోయెను. వారి పద్దులలో నొక విశేషము గలదు. లాభములో దేవుని పేర నొక పాలు వ్రాసి, దానిని బీదలకు బంచుట ఆ కాలపు ఫ్లారెన్సు కంపెనీల యాచారము. బీదవాడు కంపెనీలో నొక పైకమైనను బెట్టలేదు. అయినను పంక్తిలో వానికొక యాకు వేసిరి. ఆ వర్తకులు వడ్డీ వ్యాపారమువలని పాపమునకు భయపడియే యట్లు చేసిరని చెప్పవచ్చును. కాని భయముచేతనైనను పంక్తిని బొడిగించిరి. అది విస్మరింపదగినది కాదు.

లండను నగరమున స్వర్ణకారులు, బట్టల వర్తకులు, చేపల వర్తకులు మొదలగు వృత్తులవా రేర్పరచుకొన్న సంఘములకును కంపెనీ లనియే పేరు. స్వర్ణకారులు 1327లోను, బట్టల వర్తకులు 1394లోను రాజుచేత శాసనము వడసిరి. వీరికి విశాలమైన భోజనశాల లుండెను. ఏటేట విందులు జరిగెను. చనిపోయిన సభ్యుని భార్యాబిడ్డలను సంఘము పోషించెను. రొట్టెవాసన యింకను బోలేదు. అయితే సంఘమునకు బయటివా డా వృత్తి చేయగూడదను నిర్బంధమును వీరే తెచ్చిరి. లోపలివారికి విందు, బయటివారికి ద్వారబంధము: పంక్తికి గోడ వచ్చినది.

పిమ్మట దూరదేశ వర్తకము ప్రబలెను. ఒక యోడను సిద్ధపరచి పంపుటకు గావలసిన సొమ్ము ఒక కుటుంబమువలన గాకపోయెను. 1555లో శాసనము పొందిన మస్కవీ కంపెనీవారు పలువురివద్ద వాటాలు చేర్చి, ఆ మొత్తముతో నొక్క చేతిమీదుగా వర్తకము నడపిరి. ఈ యేర్పాటులో వాటాదారుడు ఓడ నెక్కనక్కరలేదు. తోడి వాటాదారుని జూడనక్కరలేదు. సొమ్ము కూడినది, మనుష్యులు కూడలేదు. కూడి తినుట యను మాటలో 'కూడి' యనునది మొదట నరిగిపోయినది.

1600వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీని ఎలిజబెత్తు రాణి లండను వర్తకులు రెండువందలకు పైబడినవారి కొక శాసనమిచ్చి, తూర్పు దేశముల వర్తకము 15 సంవత్సరములు వారికే యుండునట్లు చేసెను. తెలుగు దేశమున కీ మాట వచ్చుటకు మూలము ఇదియే. వారి యోడ గ్లోబు 1611లో మచిలీపట్టణము చేరగా, అచట వారి వర్తకస్థాన మేర్పడెను. గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు మచిలీపట్టణము. సన్నని నేతబట్టలకును, అద్దకపు బట్టలకును బ్రసిద్ధి. కంపెనీ గుమాస్తాలు మధ్యవర్తుల మూలమున సాలెవారికి ముందుగా బయానా లిచ్చి, తాము నిర్ణయించిన ధరకు బట్ట నేయించిరి. బయానా పుచ్చుకొన్న నేతగాడు అప్పుతో గట్టువడి, ఇతరుల కమ్ముకొను స్వేచ్ఛ గోల్పోయెను. కంపెనీ లాభము నేతగాని వ్రేళ్ళలో బుట్టినది. కాని కంపెనీలో నేతగాడు లేడు.

వర్తకపు కంపెనీ ప్రభుత్వ మగుటకు సుమారు నూటయేబది సంవత్సరములు పట్టెను. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి కంపెనీకి జిక్కెను. 1759లో కర్నలు ఫోర్డు మచిలీపట్టణపు కోటను బట్టుకొనెను. 1765లో మొగలు చక్రవర్తి సనదును, 1766లో నిజాముతో సంధియు సంపాదించి ఆంగ్లేయ కంపెనీ సర్కారులను దనవిగా జేసికొనెను. గుంటూరు 1788లోను, దత్తమండలము 1800లోను దాని యేలుబడిలోనికి వచ్చెను. అప్పుడే 'కుంపిణీ' యను మాట మన పల్లెలకు జేరినది. రైతునకు కుంపిణీ యనగా శిస్తు. సిపాయికి కుంపిణీ యనగా జీతము. జమీందారునకు కుంపిణీ యనగా భయము. హిందూస్థానీ మాటలాడువారు దానికి బిరుదము తగిలించి 'కంపెనీ బహద్దూరు' అనిరి. పలువురు వర్తకుల గుంపునకు పేరైన మాట, ఒక రాజు పేరువలె, ఏకవచనమున నిలిచినది. ఎవరా రాజని యడిగినచో జూపుటకు ముఖము లేదు.

ఈ స్థితి యెంతవరకు బోయినదో తెలియుటకు 1833వ సంవత్సరము చాలును. నందన సంవత్సరపు కరవని, డొక్కల కరవని మనవారు చెప్పుకొను గుంటూరు కరవు 1832-33లో వచ్చినది. సుమారు 5 లక్షల జనముగల యా సీమలో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు నశించిరని యంచనాలు గలవు. సరిగ 1833లోనే బ్రిటిషు పార్లమెంటు ఒక శాసనముచేత కంపెనీ వర్తకమును నిలిపివేసి, పరిపాలనమును మాత్రము దానిచేతనే యుంచెను. వర్తకము మానిన కంపెనీ వాటాదారులకు లాభమెచ్చటినుండి వచ్చును? నూటికి 10½ వంతున, ఏటికి 6,30,000 పౌనులు వారికి ముట్టవలెననియు, ఆ సొమ్ము హిందూదేశపు రాబడినుండి చెల్లవలెననియు నా శాసనము నిర్ణయించెను. వానలు లేకపోవుట కంపెనీ దోషమని మేమనము. కాని కూడి రొట్టె తినువారను నర్థముగల మాట, తిండి లేక జనులు చచ్చు సీమలకు ప్రభువై, లాభము లేని యేట సైతము దూరదేశమున నున్న వాటాదారులకు నిర్ణీతమైన పాలు పంపునదయ్యెను. పెట్టువా డొక పంక్తి, తినువా డొక పంక్తి. ఈ మాట యింతకంటె నెక్కువగా దన పుట్టుకకు విరోధించిన కాలము మరియొకటి లేదు.

1857 నాటి తిరుగుబాటు పిమ్మట, 1858లో పరిపాలనము కంపెనీనుండి బ్రిటిషు రాణికి జేరెను. 1874వ సంవత్సరము జూను 1వ తేదీని కంపెనీ పూర్తిగా రద్దయ్యెను. నూరు పౌనుల వాటాకు రెండువందల పౌనుల వంతున వాటాదారులకు సొమ్ము ముట్టెను.

ఒక కంపెనీ పోయెనుగాని మాట పోలేదు. అది యప్పటికే వేరొక బలము సంపాదించుకొనుచుండెను. పూర్వపు చట్టమునుబట్టి రాజశాసనము లేని వర్తక సంఘము అప్పుల పాలైనచో, వాటాదారుల సొంత యాస్తులపైకి ఋణదాతలు రావచ్చును. ఇంగ్లండున 1855లో చేయబడిన చట్టము, షరతులకు లోబడిన కంపెనీలలో వాటాదారుని బాధ్యత యాతని వాటామేరకే యని నిర్ణయించెను. కంపెనీ పేరు చివరను 'లిమిటెడ్' అను మాట తగులుకొన్నది. మన దేశమున 1857లో నిట్టి చట్టము వచ్చెను. బ్యాంకులకు మాత్రము 1860వరకు నా సదుపాయము లేదు.

దీనిని కేవలము ధనికుల పన్నాగమని తోసివేయుట న్యాయము కాదు. 1878లో స్కాట్లండునందలి సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు కూలినపుడు, దాని వాటాదారుల బాధ్యతకు మితి లేకుండుటచేత, మోసమున నెట్టి పాలును లేని వారనేకులు సర్వస్వమును గోల్పోయిరి. పొదుపు చేసిన కొద్ది సొమ్ముతో నొక వాటా కొన్న విధవ, డైరెక్టరుల తప్పులకు ఇల్లమ్ముకొనవలెనన్నచో నెవరికిని పెట్టుబడి పెట్ట ధైర్యముండదు. రైలుమార్గములు, కర్మాగారములు, బ్యాంకులు పలువురి చిన్న సొమ్ములు చేరక లేవవు. బాధ్యతకు మితి లేకుండుట మాత్రమే నిక్షేపదారులకు రక్ష యనుటయు సరిగాదు. 1906 అక్టోబరులో మద్రాసునందు కూలిన ఆర్బత్‌నాట్ సంస్థ లిమిటెడ్ కంపెనీ కాదు, భాగస్వామ్య వ్యాపారము. అయినను నమ్మి సొమ్ము దాచుకొన్న వేలాది కుటుంబములు నష్టపడెను. ముఖ్య భాగస్వామి కారాగారమున కేగెను.

అయినను లిమిటెడ్ అను మాటతో నొక గొప్ప మార్పు వచ్చినదనుట నిజము. లండనులో సాలమన్ అను చెప్పుల వర్తకుడు తన వ్యాపారము నొక లిమిటెడ్ కంపెనీగా మార్చెను. చట్టమునకు గావలసిన సభ్యులు ఏడుగురు: తాను, భార్య, అయిదుగురు బిడ్డలు. 20,007 వాటాలలో ఆ యార్గురికి నొక్కొక్కటి, తక్కినవన్నియు దనవే. వ్యాపారము చెడెను. అప్పు లాతడే తీర్పవలెనని వ్యాజ్యము నడచినది. 1896లో ఇంగ్లండున నప్పటి యత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ, సాలమన్ వేరు, సాలమన్ కంపెనీ వేరని తీర్పు చెప్పెను. చట్టము దృష్టిలో కంపెనీ స్వయముగా నొక వ్యక్తి. ఒకే బల్లవద్ద నిజముగా రొట్టె తిను నేడుగురిని జట్టుగా జూపి, అప్పునకు మాత్రము వారు గాక రూపము లేని యెనిమిదవవా డొకడు పూచీపడుట యీ వ్యాజ్యమందలి విచిత్రము. చట్ట ప్రకారము తీర్పు సరియైనదే. ప్రపంచ వ్యాపార మంతయు నేటికిని దానిపై నిలిచియున్నది. కాని మాట చరిత్రమున నిది పెద్ద మలుపు. తినునపుడు పలువురు, అప్పు తీర్చునపు డెవరును గారు.

ఈ సాధనమును మంచిపనికి మలచినవారును మనలో గలరు. కంపెనీవారు తొలుత దిగిన యా మచిలీపట్టణముననే, 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును లిమిటెడ్ కంపెనీగా స్థాపించిరి. చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు మాత్రమే. పరాయి కంపెనీ పాలనలో మ్రగ్గిన నేలమీద, అదే చట్టరూపము స్వదేశీ సాధనమయ్యెను. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. ఇంకను బూర్వము, 1885లో కడప సీమయందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు నాటక సమాజమును నెలకొల్పిరి. ఆ కుటుంబములవారు తరతరములుగా గూడి బ్రదుకుచు, పిల్లలు మొదలు వృద్ధులవరకు వేషములు ధరించుచు, ఊరూర నాటకము లాడిరి. ప్రజలు వారిని నాటక కంపెనీ యన్నపుడు, తెలియకయే యా మాటకు దాని మొదటి యర్థమును దిరిగి యిచ్చిరి.

ఇక నీ విచారణమువలన మనకేమి ప్రయోజనమని యడుగుదురేని, 1984వ సంవత్సరము డిసెంబరు 2, 3 తేదీల నడిరేయిని దలచుకొందము. భోపాలులో యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి వెలువడిన విషవాయువువలన వేలకొలది జనులు మృతినొందిరి. కర్మాగారము భారతీయ కంపెనీది. ఆ కంపెనీలో సగమునకు పైబడిన వాటాలు అమెరికా కంపెనీవి. తప్పెవరిదన్న ప్రశ్నకు, వాటాలు మావిగాని నడపువారము మేము కామని యొక సమాధానము వచ్చెను. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. 2001లో ఆ యమెరికా కంపెనీని మరియొక కంపెనీ కొనెను. భోపాలు బాధ్యత మాది కాదని యది చెప్పెను. పరిహారము పెంపవలెనన్న ప్రార్థనను మన సుప్రీంకోర్టు 2023లో ద్రోసిపుచ్చెను. 2020 మే 7వ తేదీని తెల్లవారుజామున విశాఖపట్టణమున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి 12 మంది మరణించినపుడు, దాని ప్రక్క వెంకటాపురమువారు వాటాదారులు కారు. ఆ లాభములో వారికి బాలు లేదు. నష్టములో మాత్రము వారికి బెద్దపాలు వచ్చినది. లాభమునకు గోడ గలదు; విషవాయువునకు గోడ లేదు.

మన పార్లమెంటు 2013లో చేసిన కంపెనీల చట్టమునందు, పెద్ద కంపెనీలు గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో నూటికి 2 వంతులు ప్రజాహిత కార్యములకు వినియోగింపవలెనని నియమము గలదు. ఫ్లారెన్సు వర్తకుల పద్దులలో దేవుని పేరనుండిన పాలు, ఆరువందల సంవత్సరముల పిమ్మట, చట్టము పేర నిట్లు తిరిగివచ్చినది. సంతోషమే. అయితే ఆ పాలు దానము, పొత్తు కాదు. బడికి బల్లలు కొనియిచ్చిన కంపెనీ, తన వ్యర్థజలము కలిసిన యేటిని గూర్చి యడిగినచో, బల్లలను జూపి తప్పించుకొనరాదు. కూడి కుడుచువాడు తోడివానికి బిడికెడు విసరి పోడు. వాని విస్తరిలో నేమి పడినదో కూడ జూచును.

మేము కంపెనీలు వలదనువారము గాము. పలువురు చేరక పెద్దపని సాగదు. ఆ మాటను భాషనుండి వెడలగొట్టవలెననియు మేము గోరము. పేరు మార్చినంతమాత్రమున నడవడి మారదు. మేము కోరున దిది. వాటా కొనునపుడు, కొలువున జేరునపుడు, మన యూరి ప్రక్క గ్రొత్త కంపెనీ వెలయునపుడు, దాని లాభమును గూర్చి యడుగు ప్రశ్నలతోబాటు మరి రెండు ప్రశ్నలు వేయవలెను. దీని యన్నము తినువారెవరు? దీని నష్టము నోర్చువారెవరు? ఈ రెండు జాబితాలలోని పేర్లు ఒకటియైనచో, అది చిన్న యంగడియైనను, పెద్ద కర్మాగారమైనను, ఆ పేరునకు దగినది. ఒక జాబితాలోని వారు మరియొక దానిలో లేకున్నచో, దాని పలకమీద నే పేరున్నను, అది పొత్తు కాదు. ఈ ప్రశ్నల నడుగు నలవాటు మన జనులకు గలిగిననాడు, చట్టము తెచ్చు మార్పు కొంతయు, ప్రజలు తెచ్చు మార్పు కొంతయు జేరి, అరిగిన నాణెమునకు దిరిగి యచ్చు పడును.